హైదరాబాద్ ఎఫ్‌సీ ఎలా పోయింది? తప్పు ఓనర్లది, శిక్ష ఫ్యాన్స్‌కా? 'పాయింట్ల కోత' నుంచి 'ట్రాన్స్‌ఫర్ బ్యాన్' దాకా పూర్తి వివరాలు

ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా: సాగర్ రోడ్డు పొడవునా ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో శని, ఆదివారాలు వస్తే ఫోన్లలో క్రికెట్ ఒక్కటే కాదు, ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ కూడా నడుస్తుంటుంది. మ్యాచ్ అయిపోయాక అసలు మ్యాచ్ మొదలవుతుంది. ఎవర్టన్‌కు పాయింట్లు కోశారు సరే, 115 ఆరోపణలున్న మాంచెస్టర్ సిటీ సంగతేంటని ఒకరు.. మీ క్లబ్బు కొన్నది కప్పులు కాదు, బిల్లులు అని ఇంకొకరు. ఎక్కువ ఖర్చు పెట్టిన క్లబ్బుకు ఏం శిక్ష వేయాలి అన్నది లండన్‌లోనే కాదు, ఇక్కడ కూడా తెగని పంచాయితీ.

అయితే ఈ పంచాయితీకి ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. బొంగుళూరు గేటు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలిలో దిగితే చాలు. ఇదే రంగారెడ్డి జిల్లాలో, జీఎంసీ బాలయోగి స్టేడియం సొంత గ్రౌండ్‌గా ఉన్న ఒక క్లబ్బు దేశ ఛాంపియన్ అనిపించుకుంది. రెండేళ్లు తిరక్కుండానే ఆటగాళ్లకు జీతాలివ్వలేక కూలింది. ఇప్పుడు ఆ క్లబ్బు ఈ ఊళ్లోనే లేదు. అదే హైదరాబాద్ ఎఫ్‌సీ.

పుణె ఏడ్చింది.. హైదరాబాద్ నవ్వింది

2019 ఆగస్టులో ఈ క్లబ్బు పుట్టింది. పుట్టుక వెనుక కూడా డబ్బు కథే ఉంది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడుతున్న ఎఫ్‌సీ పుణె సిటీ ఆర్థిక కష్టాలతో మూతపడితే, ఆ ఖాళీ అయిన చోటును విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని తీసుకుని హైదరాబాద్‌కు తెచ్చారు. అప్పట్లో ఇక్కడ సంబరాలు. పుణె ఫ్యాన్స్ గురించి ఇక్కడ పెద్దగా ఎవరూ ఆలోచించలేదు. ఎందుకు ఆలోచిస్తారు? సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన ఊరు ఇది. అలాంటి ఊరికి దేశంలోని టాప్ లీగ్‌లో ఒక జట్టు దొరకడమే పెద్ద వార్త.

మొదటి సీజన్ ఘోరం. 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు, చివరి స్థానం. తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ వచ్చాడు. కుర్రాళ్లను నమ్మాడు. 2021-22లో లీగ్ టేబుల్‌లో రెండో స్థానం. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్.

ఈ రెండు జట్ల మధ్య వైరం రంగు దగ్గరే మొదలవుతుంది. ఇద్దరిదీ పసుపు జెర్సీయే. ఫైనల్లో హైదరాబాద్‌ను హోమ్ టీమ్‌గా లెక్కేయడంతో పసుపు మనకు దక్కింది, కేరళ నల్ల జెర్సీ వేసుకోవాల్సి వచ్చింది. అప్పటికే పసుపు చొక్కాలతో గోవా నింపేసిన మలయాళీ ఫ్యాన్స్‌కు అది ఎంత మండిందో చెప్పక్కర్లేదు. మ్యాచ్‌లో కేరళే ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. ఆ సీజన్‌లో నైజీరియా స్ట్రైకర్ బార్తలోమ్యూ ఓగ్బెచే 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ కొట్టాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

2022-23లోనూ 42 పాయింట్లతో రెండో స్థానం. బయటి నుంచి చూస్తే అంతా బాగుంది. లోపల లెక్కలు మాత్రం వేరే చెబుతున్నాయి.

రెండు నెలల జీతం.. 15 రోజుల నోటీసు

క్లబ్బు కూలిన తీరు అర్థం కావాలంటే ఫిఫా రూల్స్‌లో రెండు మూడు ముక్కలు తెలియాలి. ఇవి మన ఫ్యాన్స్‌లో చాలామందికి 2023 దాకా తెలియవు.

మొదటిది. ఆటగాడికి రెండు నెలల జీతం ఆగితే, క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వొచ్చు. 15 రోజుల్లో క్లబ్బు బాకీ మొత్తం తీర్చకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. అతని కోసం కొత్త క్లబ్బు ఒక్క రూపాయి ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టక్కర్లేదు. అంటే జీతం ఎగ్గొట్టిన క్లబ్బు ఆటగాడినీ పోగొట్టుకుంటుంది, అతన్ని అమ్మితే వచ్చే డబ్బునూ పోగొట్టుకుంటుంది. పైగా మిగిలిన కాంట్రాక్టుకు పరిహారం కూడా కట్టాల్సి రావచ్చు.

రెండోది. ఫలానా ఆటగాడికి ఇంత కట్టండి అని ఫిఫా తీర్పిచ్చాక 45 రోజుల్లో కట్టకపోతే, క్లబ్బు కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోకుండా నిషేధం పడుతుంది. దీన్నే ట్రాన్స్‌ఫర్ బ్యాన్ అంటారు. డబ్బు కట్టే దాకా, లేదంటే వరుసగా మూడు ట్రాన్స్‌ఫర్ విండోల దాకా ఇది నడుస్తుంది.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుంది? పాతవాళ్లు వెళ్లిపోతుంటారు, కొత్తవాళ్లు రాలేరు. బకెట్‌కు చిల్లు పడింది, నల్లా కట్టేశారు. హైదరాబాద్ ఎఫ్‌సీకి అచ్చం ఇదే జరిగింది.

2023 వేసవిలో కోచ్ మార్క్వెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయాడు. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీ బాట పట్టాడు. కప్పు రావడానికి కారణమైన ఓగ్బెచేకే బాకీ పడ్డారు. ఆ కేసులోనే ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ వేసింది. 2024 జనవరి వచ్చేసరికి సీజన్ మధ్యలోనే ఒకరి తర్వాత ఒకరు సర్దుకున్నారు. విదేశీ ఆటగాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా సింగ్ ఏకంగా దక్షిణాది ప్రత్యర్థి బెంగళూరు ఎఫ్‌సీలో చేరారు. వైరం అంటే గ్రౌండ్‌లో ఓడిపోవడం అనుకుంటాం. జీతం ఇవ్వలేక మన ఆటగాళ్లను పక్కింటికి పంపడం దానికంటే పెద్ద అవమానం.

చివరికి మిగిలింది అకాడమీ కుర్రాళ్లు, కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో. ఆ పిల్లలు పరిగెత్తారు, పోరాడారు, ఓడారు. 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే, చెన్నయిన్ మీద. మొత్తం 8 పాయింట్లు, ఆఖరి స్థానం. రెండేళ్ల క్రితం కప్పు ఎత్తిన క్లబ్బు ఇది.

ఎక్కువ ఖర్చు వేరు, బాకీ ఎగ్గొట్టడం వేరు

వాదనల్లో అందరూ కలిపేసే రెండు విషయాలను ఇక్కడ విడదీయాలి. ఇంగ్లండ్‌లో ఎవర్టన్‌కు శిక్ష పడింది జీతాలు ఇవ్వనందుకు కాదు. ఎవర్టన్ ఆటగాళ్లకు జీతాలు అందాయి. అక్కడి రూల్ ఏంటంటే, మూడేళ్లలో క్లబ్బు చూపించే నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు. మన డబ్బులో 1,100 కోట్లకు పైనే. ఓనర్ ఎంత కోటీశ్వరుడైనా సరే, గీత దాటితే తప్పే.

మన భాషలో చెప్పాలంటే చిట్టీ లెక్క. చిట్టీ పాడుకుని వాయిదాలు ఎగ్గొట్టినవాడు ఒకడు. సంపాదనకు మించి పదిచోట్ల చిట్టీలు పాడి, అన్నీ కడుతూనే ఉన్నవాడు ఇంకొకడు. రెండోవాడిని ఇంగ్లండ్ శిక్షిస్తోంది, ఎందుకంటే రేపు వాడే మొదటివాడు అవుతాడని భయం. హైదరాబాద్‌లో జరిగింది మాత్రం సూటిగా మొదటి కేసే. అందుకే మా క్లబ్బు కూడా ఎవర్టన్ లాగే బలైంది అనే మాట సరికాదు. ఎవర్టన్ రూల్ తప్పింది, హైదరాబాద్ మాట తప్పింది.

2023 నవంబర్ 17న ఎవర్టన్‌కు 10 పాయింట్ల కోత పడింది. పరిమితి కంటే 1.95 కోట్ల పౌండ్లు ఎక్కువ నష్టం చూపిందన్నది కేసు. ప్రీమియర్ లీగ్ చరిత్రలో అంత పెద్ద కోత అంతకుముందు లేదు. అంతకుముందు 2010లో పోర్ట్స్‌మత్ దివాలా తీస్తే కోసింది 9 పాయింట్లే. దివాలా తీసినవాడికి 9, జీతాలన్నీ కట్టినవాడికి 10 అని ఎవర్టన్ ఫ్యాన్స్ భగ్గుమన్నారు. తర్వాతి హోమ్ మ్యాచ్‌లో స్టేడియమంతా గులాబీ రంగు కార్డులు ఎత్తి లీగ్‌ను అవినీతి సంస్థ అని నిందించారు. అప్పీల్‌లో 2024 ఫిబ్రవరిలో కోత 6కు తగ్గింది. ఏప్రిల్‌లో ఇంకో ఏడాది లెక్కకు మరో 2 పోయాయి. అయినా క్లబ్బు 40 పాయింట్లతో లీగ్‌లో నిలబడింది.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కథ ఇంకో రకం. కింది డివిజన్ నుంచి వచ్చింది కాబట్టి దానికి పరిమితి 6.1 కోట్ల పౌండ్లే. 3.45 కోట్లు ఎక్కువైంది. బ్రెన్నన్ జాన్సన్‌ను జూన్ 30లోపు అమ్మి ఉంటే లెక్క చాలా వరకు సర్దుకునేది. కానీ ఆగితే ఎక్కువ ధర వస్తుందని సెప్టెంబర్ దాకా ఆగారు. ధర వచ్చింది, 4.75 కోట్ల పౌండ్లు. గడువు మాత్రం పోయింది. 4 పాయింట్లు కోశారు. వ్యాపారంగా చూస్తే సరైన పని, రూల్ ప్రకారం తప్పు. హాస్టల్ వాదనల్లో ఎప్పటికీ తేలనిది ఈ కేసే.

ఇక మాంచెస్టర్ సిటీ. 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ మోపిన ఆరోపణలు 115 అని అందరి నోటా నానింది. క్లబ్బు అన్నింటినీ ఖండించింది. విచారణ మొదలైందే 2024 సెప్టెంబర్‌లో. ఎవర్టన్ కేసు మొదలైన నాటి నుంచి కోత పడేదాకా పట్టింది ఎనిమిది నెలలు. పైగా 2020లో యూఈఎఫ్ఏ సిటీ మీద వేసిన రెండేళ్ల నిషేధాన్ని క్రీడా న్యాయస్థానం ఐదు నెలల్లోనే కొట్టేసి జరిమానాతో సరిపెట్టింది. ఆరోపణ రుజువు అయ్యేదాకా సిటీని దోషి అనలేం. కానీ పెద్ద లాయర్లున్న క్లబ్బుకు టైమ్ దొరుకుతుంది, చిన్న క్లబ్బుకు తీర్పు దొరుకుతుంది అనే ప్రత్యర్థి ఫ్యాన్స్ మాటను తీసిపారేయడమూ కష్టమే.

ఆలస్యమైన శిక్ష.. బలైంది బర్న్‌లీ

ఆలస్యం ఎంత పని చేస్తుందో చూడాలంటే ఒక చిన్న కూడిక, తీసివేత చాలు. ఎవర్టన్ గీత దాటిన లెక్క 2021-22 సీజన్‌తో ముగిసింది. ఆ సీజన్‌లో ఎవర్టన్‌కు 39 పాయింట్లు వచ్చాయి. 35 పాయింట్లతో కింది డివిజన్‌కు పడిపోయింది బర్న్‌లీ. తర్వాత ఖరారైన 6 పాయింట్ల కోత ఆ సీజన్‌లోనే వేసి ఉంటే ఎవర్టన్ 33 దగ్గర ఆగి, పడిపోయేది అదే. బర్న్‌లీ నిలబడేది. కోత పడింది మాత్రం రెండేళ్ల తర్వాత, వేరే ప్రత్యర్థులున్న టేబుల్‌లో. తప్పు చేసిన ఏడాది నష్టపోయినవాడికి ఒక్క పాయింటూ తిరిగి రాలేదు.

పాయింట్లు కోస్తే ఫ్యాన్స్‌కు దెబ్బ, ఓనర్‌కు జరిమానా వేయండి అన్న వాదన వినడానికి బాగుంటుంది. కానీ వేల కోట్ల ఓనర్‌కు జరిమానా అంటే పార్కింగ్ చలానా లాంటిది. అదీ ఒక ఖర్చే అనుకుని కట్టేస్తాడు. గ్రౌండ్‌లో తీసుకున్న లాభాన్ని గ్రౌండ్‌లోనే తిరిగి లాక్కోవాలి, అందుకు పాయింట్ల కోత తప్ప దారి లేదు. ఫ్యాన్స్‌కు నొప్పి నిజమే. అయితే ఆ ఆటగాడిని కొన్నప్పుడు ఎయిర్‌పోర్టుకు దండలు పట్టుకుని వెళ్లింది కూడా ఫ్యాన్సే కదా.

కోత ఎంత అన్నదే అసలు చిక్కు. ఎవర్టన్ కేసులో ప్రీమియర్ లీగ్ ఒక రేటు కార్డు లాంటిది ముందుపెట్టింది. గీత దాటితే 6 పాయింట్లు, ఆ పైన ప్రతి 50 లక్షల పౌండ్లకు ఒకటి చొప్పున. విచారణ కమిషన్ ఆ లెక్కను ఒప్పుకోలేదు, కేసును బట్టి చూస్తామంది. రేటు ముందే రాసి ఉంటే ఏ క్లబ్బు ఫ్యానూ నీకో రూల్ నాకో రూలా అనేవాడు కాదు.

మన దగ్గర ఏం శిక్ష ఉంది?

ఐఎస్‌ఎల్‌లో హైదరాబాద్ ఆఖరి స్థానంలో నిలిచిన 2023-24లో కిందికి పడిపోవడం అన్న మాటే లేదు. చివర నిలిచినా తర్వాతి ఏడాది అదే లీగ్. అలాంటప్పుడు పాయింట్లు కోసినా భయం ఏముంటుంది? ఎనిమిదిలోంచి ఎన్ని తీస్తారు? 2023 మార్చిలో బెంగళూరుతో మ్యాచ్ మధ్యలోనే గ్రౌండ్ వదిలి వెళ్లిన కేరళ బ్లాస్టర్స్‌కు కూడా ఫుట్‌బాల్ సమాఖ్య వేసింది 4 కోట్ల జరిమానా, పాయింట్ల కోత కాదు.

నిజానికి మన దగ్గర ఉన్న బలమైన ఆయుధం క్లబ్ లైసెన్స్. ఏటా సీజన్‌కు ముందు ప్రతి క్లబ్బూ స్టేడియం, అకాడమీ, సిబ్బందితో పాటు ఆటగాళ్లకు బకాయిలు లేవని కూడా కాగితాలు చూపించాలి. లేకపోతే లైసెన్స్ రాదు. కానీ మినహాయింపు అనే తలుపు ఒకటి ఉంది. లైసెన్స్ రానివాళ్లు అప్పీల్ చేసి, ఫలానా తేదీకల్లా సరిచేస్తామని మాటిచ్చి ఆడొచ్చు. చిట్టీ పాడుకున్నవాడు షూరిటీ చూపిస్తేనే డబ్బు చేతికిస్తారు. ఇక్కడ సీజన్ మొదలయ్యే ముందే ఆరు నెలల జీతం బ్యాంకులో కట్టి చూపించమంటే, 2024 జనవరిలో ఆ కుర్రాళ్లు అలా మిగిలిపోయేవాళ్లు కాదు. ట్రాన్స్‌ఫర్ బ్యాన్ ఆటగాడికి రావాల్సిన డబ్బు రాబట్టడానికి పనికొచ్చే రూలే. కాకపోతే డబ్బే లేని ఓనర్ మీద అది పని చేయదు. అప్పుడా దెబ్బ నేరుగా మిగిలిన జట్టు మీదే పడుతుంది.

గచ్చిబౌలి ఖాళీ.. ఢిల్లీకి కొత్త జట్టు

2024 సెప్టెంబర్‌లో క్లబ్బు బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లింది. ఊపిరి పీల్చుకున్నామని ఫ్యాన్స్ అనుకున్నారు. ఆ సీజన్ చివరి నుంచి రెండో స్థానంలో ముగిసింది. 2025 జులైలో లీగ్ నిర్వాహకులు, సమాఖ్య మధ్య ఒప్పందం తేలక ఐఎస్‌ఎల్ కొత్త సీజనే ఆగిపోయింది. అక్టోబర్‌లో పిడుగు లాంటి వార్త.. హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక ఢిల్లీకి, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అదే నెల చివర్లో గోవాలో మొదలైన సూపర్ కప్‌లో ఆ పేరుతోనే దిగింది.

ఇక్కడో విచిత్రం ఉంది. ఢిల్లీకి ఇంతకుముందు ఐఎస్‌ఎల్ జట్టు ఉండేది, ఢిల్లీ డైనమోస్. అది 2019లో భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. సరిగ్గా అదే ఆగస్టులో పుణె క్లబ్బు పోయి హైదరాబాద్‌కు వచ్చింది. ఆరేళ్లు తిరిగేసరికి హైదరాబాద్‌ది ఢిల్లీకి చేరింది. పుణె ఫ్యాన్స్ 2019లో ఎలా ఉన్నారో 'డెక్కన్ లీజియన్' జెండాలు మోసిన మన కుర్రాళ్లకు 2025లో అర్థమైంది. ఇక్కడ పాయింట్లు కాదు, ఏకంగా ఊరినే కోసేశారు. ఎవర్టన్ ఫ్యాన్‌కు 8 పాయింట్లు పోయినా శనివారం వెళ్లడానికి ఒక స్టేడియం మిగిలింది.

ఇంగ్లండ్‌లోనూ ఇలా ఒకసారి జరిగింది. వింబుల్డన్ క్లబ్బు 2003లో మిల్టన్ కీన్స్‌కు తరలిపోయింది. కానీ ఆ తరలింపునకు అనుమతి వచ్చిన 2002లోనే ఫ్యాన్స్ సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి 2011కల్లా ప్రొఫెషనల్ లీగ్‌లోకి ఎక్కారు.

మరి రంగారెడ్డి జిల్లా ఫుట్‌బాల్ ఫ్యాన్‌కు దగ్గర్లో ఏముంది? మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరెనా ఉంది, శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ సొంత గ్రౌండ్. 2021-22లో ఐ-లీగ్‌లోకి వచ్చిన ఈ క్లబ్బు 2022-23లో, మళ్లీ 2023-24లో రన్నరప్‌గా నిలిచింది. ఆ రెండేళ్లూ ఛాంపియన్‌గా నిలిచినవాళ్లకే ఐఎస్‌ఎల్ తలుపు తెరుచుకుంది. మొదట పంజాబ్, తర్వాత మహమ్మడన్ స్పోర్టింగ్. రెండుసార్లూ ఒక్క మెట్టు తేడాతో ఆగిపోయింది మన జిల్లా జట్టే. ఇబ్రహీంపట్నం నుంచి అజీజ్‌నగర్‌కు కూడా అదే ఔటర్ రింగ్ రోడ్డు.

ఇక ప్రీమియర్ లీగ్ ఫ్యాన్స్ గమనించాల్సింది ఒకటి. మూడేళ్ల నష్టం లెక్క పోతోంది. 2025 నవంబర్‌లో క్లబ్బులు ఓటేసిన కొత్త రూల్ 2026-27 నుంచి వస్తుంది. దాని ప్రకారం జట్టు మీద పెట్టే ఖర్చు క్లబ్బు రాబడిలో 85 శాతం దాటకూడదు. యూరప్ పోటీల్లో ఆడే క్లబ్బులకు యూఈఎఫ్ఏ గీత 70 శాతమే. కాబట్టి ఇకపై హాస్టల్ వాదనల్లో ఎన్ని కోట్లు నష్టం అని కాదు, ఎంత శాతం ఖర్చు అని అడగాల్సి ఉంటుంది.